మెసేజీ రాలేదని ఆగిపోకండి
గుర్తుచేసే పనిని యంత్రానికి అప్పగించి మేము నేర్చుకున్న పాఠాలు
– నర్సింగ్ విభాగం నుండి



2022 నవంబరులో ఒక ఉదయం దువ్వూరు వైపు పల్లె నుండి ఒక పెద్దాయన కుడి పాదానికి పాత పంచె గుడ్డ చుట్టుకొని మన ఓపీకి వచ్చారు. ఆయన షుగరు రోగి. ఎన్నో ఏళ్లుగా మన దగ్గరే మందులు తీసుకుంటున్నారు. పసుపు తోటకు నీళ్లు కడుతుండగా కాలికి ఏదో గుచ్చుకుందట. నొప్పి లేదు గనుక పట్టించుకోలేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నొప్పి తెలియదు, అసలు ప్రమాదం అదే. గుడ్డ విప్పి చూసేసరికి చిటికెన వేలు నల్లబడి ఉంది. డాక్టరుగారు ఆ వేలిని తీసివేయక తప్పలేదు.

ఆయన ఓపీ పుస్తకం తిరగేశాం. సెప్టెంబరు 5న రివ్యూకు రావలసి ఉంది. ఆ రోజు వచ్చి ఉంటే రక్తపరీక్షతో పాటు పాదాలు కూడా చూసేవాళ్లం, చెప్పులు లేకుండా తోటలోకి దిగవద్దని మరోసారి చెప్పేవాళ్లం. "ఎందుకు రాలేదు పెద్దాయనా?" అని కొంచెం కోపంగానే అడిగాం. ఆయన అమాయకంగా ఇలా అన్నారు:

"మెసేజీ రాల్యా గద సిస్టరమ్మా. పోయిన తూరి మెసేజీ వచ్చె, వస్తి. ఈ తూరి రాల్యా. ఇంగా తేదీ కాలేదేమో అనుకొంటి."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మెసేజీలు మొదలుపెట్టక ముందు ఆయన పుస్తకంలో తేదీ ఎవరిచేతనైనా చదివించుకొని వచ్చేవారు. మెసేజీ కోసం ఎదురుచూడడం ఆయనకు నేర్పింది మేమే. అలా నేర్పిన మేము ఆ మెసేజీ పంపలేకపోయాం. ఆ మెసేజీ ఎందుకు వెళ్లలేదు, తరువాత మేము ఏమి మార్చాము, దానివల్ల మీరు తెలుసుకోవలసినది ఏమిటి అనేది ఈ నెల మీతో పంచుకుంటున్నాం. ఇది కంప్యూటర్ల సంగతిలా కనిపించవచ్చు గాని, నిజానికి మీ మందుల సంగతి, మీ బిడ్డల టీకాల సంగతి.

గుర్తుచేయడం ఎందుకు అవసరం?

నొప్పి ఉన్న జబ్బుకు ఎవరూ గుర్తుచేయనక్కర లేదు. పంటి నొప్పి వచ్చినవారు తెల్లవారకముందే గేటు దగ్గర ఉంటారు. నొప్పి లేని జబ్బులతోనే చిక్కు. బీపీ లోలోపల గుండెను, మూత్రపిండాలను పాడుచేస్తుంది, పైకి ఏమీ తెలియదు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది, ఇక నయమైందనుకొని మానేస్తారు. బిడ్డకు 6 వారాలకు, 10 వారాలకు, 14 వారాలకు పెంటావాలెంట్ టీకా వేయించాలి. మొదటి సూదికి జ్వరం వస్తే రెండో సూదికి అవ్వ అడ్డుపడుతుంది. గర్భిణికి ఏడో నెల, ఎనిమిదో నెల బాగానే గడుస్తున్నట్టు ఉంటుంది, బీపీ పెరిగిన సంగతి కొలిస్తే తప్ప తెలియదు.

మైదుకూరు నాలుగు దారుల కూడలి. కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, బద్వేలు వైపుల నుండి మన దగ్గరికి జనం వస్తారు. ఒకప్పుడు మన సిస్టర్లు రిజిస్టరు ముందు పెట్టుకొని సాయంత్రం పూట ఒక్కొక్కరికీ ఫోను చేసేవారు. రోగులు పెరిగే కొద్దీ అది సాగలేదు. ఫోను చేసే సిస్టరును వార్డులో పిలుస్తారు, సగం పేర్లు రేపటికి మిగిలిపోతాయి. అందుకే ఈ పనిని యంత్రానికి అప్పగించాలని నిర్ణయించాం.

మొదటి దారి: రెడీమేడ్ సాధనాలు

బట్టల విషయంలో మనకు రెండు దారులు ఉన్నాయి. ప్రొద్దుటూరు వెళ్లి రెడీమేడ్ చొక్కా కొనుక్కోవచ్చు. లేదంటే గుడ్డ తీసుకొని టైలరు దగ్గర కొలతలిచ్చి కుట్టించుకోవచ్చు. కంప్యూటరు పనుల్లోనూ అంతే.

రెడీమేడ్ వాటిని నో-కోడ్ సాధనాలు అంటారు, అంటే కంప్యూటరు భాష రానివారు కూడా వాడుకోగలిగినవి. జాపియర్, ఆప్‌షీట్, పవర్ ఆటోమేట్ వంటివి ఈ రకానివి. తెర మీద గడులు ఉంటాయి. "ఈ పట్టికలో కొత్త పేరు చేరితే, ఫలానా తేదీకి రెండు రోజుల ముందు, ఈ మెసేజీ పంపు" అని గడులను ఒకదానికొకటి కలిపితే చాలు. మన రికార్డు రూములో పనిచేసే అమ్మాయి రెండు రోజుల్లో నేర్చుకుంది. 2022 మొదట్లో అలాంటి ఒక సాధనంతోనే మన మెసేజీలు మొదలయ్యాయి.

మంచి చెప్పుకోవాలి. మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు కాలేదు. ఎవరినీ బతిమాలుకోలేదు. మెసేజీ వేళ మార్చాలంటే మేమే మార్చుకున్నాం. అది చూసి "దేవుని కృప, ఇక ఫోన్ల బాధ తీరింది" అనుకున్నాం.

తేదీ తిరగబడింది

పెద్దాయన వేలు తీసిన వారంలో ఆ పట్టిక ముందు కూర్చొని ఒక్కొక్క పేరూ చూశాం. ఆయన పేరు ఉంది. నెంబరు సరిగానే ఉంది. తేదీ గడిలో 05/09/2022 అని ఉంది. మనం సెప్టెంబరు 5 అని చదువుతాం. అమెరికాలో ముందు నెల, తరువాత తేదీ రాస్తారు. ఆ సాధనం అలాగే చదివేలా అమర్చి ఉంది. దాని లెక్కలో అది మే 9. మే నెల ఎప్పుడో దాటిపోయింది గనుక ఇక మెసేజీ పంపవలసిన పని లేదనుకుంది.

ఇది అన్ని నెలలు మా కంట పడకపోవడానికి కారణం ఉంది. 13 నుండి 31 వరకు ఉన్న తేదీలు సరిగ్గానే వెళ్లాయి. 20/09 అని రాస్తే ఇరవయ్యో నెల ఉండదు గనుక అది తనంతట తానే తిప్పి సెప్టెంబరు 20 అని చదువుకుంది. తేడా అంతా నెల మొదటి పన్నెండు రోజుల్లోనే. అందులోనూ 10/09 అని ఉన్నవారికి అక్టోబరులో, అంటే నెల ఆలస్యంగా మెసేజీ వెళ్లింది. అలా వెళ్లినవారు వచ్చారు, ఆలస్యం వారిదేననుకొని మేము వారినే మందలించాం! మొత్తం ఆగిపోయి ఉంటే ఒక్క రోజులో తెలిసేది. చాలామందికి వెళ్లి కొందరికి వెళ్లకపోవడం వల్ల ఎవరికీ తెలియలేదు.

తప్పు సాధనానిది కాదు. అమరికలో దేశం పేరు మార్చుకోమని అది మొదటి రోజే చూపించింది. మేము చూడలేదు. మందు చీటీ మీద నెలను అక్షరాల్లో రాయాలని నర్సింగ్ విద్యార్థినులకు మేమే చెబుతాం, కంప్యూటరు దగ్గర మాత్రం మరచిపోయాం.

రెండో దారి: కుట్టించుకున్న స్క్రిప్టు

ఆ దెబ్బతో రెడీమేడ్ మీద మనసు విరిగింది. 2023 వేసవి సెలవుల్లో మన సంఘంలోని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ముందుకు వచ్చాడు. పైతాన్ అనే కంప్యూటరు భాషలో మనకు కావలసినట్టే రాసిస్తానన్నాడు. ఇలా చేయవలసిన పనిని వరుసగా రాసి కంప్యూటరుకు ఇచ్చే చిన్న రాతనే స్క్రిప్టు అంటారు. ఇది టైలరు దగ్గర కుట్టించుకున్న చొక్కా.

ఆ అబ్బాయి మా దగ్గర కూర్చొని ఓపికగా కొలతలు తీసుకున్నాడు. టీకాల విషయంలో రెడీమేడ్ సాధనం చేయలేని పని ఇతని స్క్రిప్టు చేసింది. మొదటి పెంటావాలెంట్ ఆలస్యమైతే రెండోదాన్ని పుట్టిన తేదీ నుండి లెక్క కడితే కుదరదు. మొదటి సూదికీ రెండో సూదికీ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. కోర్సు మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టనక్కర లేదు, ఆగిన చోట నుండి కొనసాగించాలి. ఆరో వారంలో రావలసిన బిడ్డ తొమ్మిదో వారంలో వస్తే తరువాతి తేదీలన్నీ మారాలి. రెడీమేడ్ సాధనంలో దీనికోసం గడుల మీద గడులు కలిపి చివరికి మాకే అర్థం కాకుండా పోయింది. ఆ అబ్బాయి దాన్ని కొద్ది వరుసల్లో రాశాడు. తేదీ విషయంలోనూ జాగ్రత్తపడ్డాడు. నెల పేరు అక్షరాల్లో లేకపోతే స్క్రిప్టు ఆ వరుసను తీసుకోదు, ఎర్రగా చూపిస్తుంది.

ఆరు నెలలు బాగా నడిచింది. ఈలోగా ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. సంతోషించి ప్రార్థన చేసి పంపించాం.

క్రిస్మస్ శుభాకాంక్షలు చేసిన పని

2023 డిసెంబరులో ఒక బుధవారం టీకాల గది సిస్టరు వచ్చి, "బెంచీలు ఖాళీగా ఉన్నాయమ్మా, పోయిన వారం కూడా పలచగానే వచ్చారు" అంది. చలి వల్ల కాబోలు అనుకున్నాం. అయినా పెద్దాయన కాలు గుర్తొచ్చి కంప్యూటరు తెరిచి చూశాం. ప్రతి పేరు పక్కన "పంపబడింది" అని ఉంది. అనుమానం తీరక నలుగురు తల్లులకు ఫోను చేశాం. నలుగురికీ రాలేదు. లెక్క చూస్తే తొమ్మిది రోజులుగా ఒక్క మెసేజీ కూడా ఎవరికీ చేరలేదు.

బెంగళూరుకు ఫోను చేస్తే ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, "మెసేజీలో మాటలేమైనా మార్చారా అమ్మా?" మార్చాం. పండుగ నెల గదా అని చివర "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని చేర్పించింది మేమే.

అసలు సంగతి ఇది. వ్యాపార మెసేజీల బెడదను, మోసాలను అరికట్టడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు చేసింది. దాని ప్రకారం సంస్థలు పంపే ప్రతి ఎస్ఎంఎస్ నమూనాను ముందుగా నమోదు చేయించాలి. నమోదైన మాటలకూ పంపిన మాటలకూ తేడా ఉంటే టెలికాం కంపెనీలు ఆ మెసేజీని మధ్యలోనే ఆపేస్తాయి. 2021 మార్చి 8న దీన్ని గట్టిగా అమలు చేయగానే దేశమంతటా బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయాయి, మరుసటి రోజే ట్రాయ్ దాన్ని వారం రోజుల పాటు నిలిపివేయవలసి వచ్చింది. అంత పెద్ద బ్యాంకులకే అలా జరిగినప్పుడు మన శుభాకాంక్షల సంగతి చెప్పాలా? మన స్క్రిప్టు మెసేజీని ఎస్ఎంఎస్ కంపెనీకి అప్పగించి "పంపబడింది" అని రాసుకుంది. అవతల చేరిందా లేదా అని అడగమని దానికి ఎవరూ చెప్పలేదు.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. కానీ ఆ పది నిమిషాల పని చేయగలవాడు బెంగళూరులో ఉన్నాడు. ఆ రోజు అతను ఫోను ఎత్తకపోతే? ఆ తొమ్మిది రోజుల తల్లులందరికీ సిస్టర్లు ఫోన్లు చేసి పిలిపించారు. దేవుని దయవల్ల ఆ బిడ్డలకు కీడు జరగలేదు.

పెద్ద పెద్ద చోట్ల కూడా

ఇది మన చిన్న ఆసుపత్రి చేతగానితనం మాత్రమే కాదు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కరోనా కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. అక్కడి ప్రజారోగ్య సంస్థ ల్యాబుల నుండి వచ్చే ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించేది. ఆ పాత రకంలో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి రాలిపోయాయి. రోగులకు ఫలితం తెలిసింది గాని, వారితో కలిసి తిరిగినవారిని వెదికే పని ఆలస్యమైంది.

మన ఊళ్లలో అంగన్‌వాడీ టీచర్లకు ఇంకో అనుభవం ఉంది. 2018లో పోషణ్ అభియాన్ కింద వారి ఫోన్లలోకి వచ్చిన ఐసీడీఎస్-క్యాస్ అనే యాప్‌ను కామ్‌కేర్ అనే సాధనం మీద తయారుచేశారు. ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఫారాలు తయారుచేసుకోగలగడం కామ్‌కేర్ ప్రత్యేకత. 2021లో దాని స్థానంలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. టీచర్లు ఒకటి అలవాటైన తరువాత మరొకటి నేర్చుకోవలసి వచ్చింది. ఏ సాధనమూ శాశ్వతం కాదు. రేపు మారవలసి వస్తే మన వివరాలను మనం వెనక్కి తీసుకోగలమా అని మొదటి రోజే చూసుకోవాలి.

మేలైన ఉదాహరణ కూడా ఒకటుంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలైన 99డాట్స్ అనే పద్ధతిలో టీబీ మాత్రల అట్టకు కాగితపు కవరు తొడుగుతారు. మాత్ర బయటికి తీస్తే దాని వెనుక దాగిన ఫోను నెంబరు కనబడుతుంది. రోగి ఆ నెంబరుకు ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు మాత్ర వేసుకున్నట్టు లెక్క. ఇలాంటిది రెడీమేడ్‌గా దొరకదు, ప్రత్యేకంగా తయారుచేయవలసిందే. ఇందులో మాకు నచ్చినది ఒక్కటే. కాల్ రాకపోతే ఆరోగ్య కార్యకర్తకు తెలుస్తుంది. మన పద్ధతిలో మెసేజీ వెళ్లకపోతే అంతా నిశ్శబ్దం. అక్కడ నిశ్శబ్దమే గంట మోగిస్తుంది.

రెడీమేడా, కుట్టించుకోవాలా? ఐదు ప్రశ్నలు

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి మీకు తెలుసు. రెండు దెబ్బలు తిన్నాక 2024 జనవరిలో మేమూ అలాగే కూర్చున్నాం. ఏ పనిని యంత్రానికి అప్పగించాలన్నా ఇప్పుడు మేము ఐదు ప్రశ్నలు వేసుకుంటున్నాం.

ఒకటి, పని ఎంత మామూలుది? "ఫలానా తేదీకి రెండు రోజుల ముందు మెసేజీ" వంటి పని ఎక్కడైనా ఒకటే. దానికి రెడీమేడ్ చాలు. టీకాల తేదీల్లాగా "ఇది జరిగితే అది, అది ఆలస్యమైతే ఇంకొకటి" అని మెలికలు ఉంటే స్క్రిప్టే తేలిక. రెడీమేడ్ గడులను అతుకుల మీద అతుకులు వేసి నడిపితే చివరికి అదీ ఒక స్క్రిప్టే అవుతుంది, కాకపోతే ఎవరికీ చదవడానికి రాని స్క్రిప్టు.

రెండు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఒక్కరికే తెలిస్తే చాలదు. ఆ ఒక్కరికి పెళ్లి కావచ్చు, ఉద్యోగం రావచ్చు, జబ్బు చేయవచ్చు. వేలూరు సీఎంసీ వంటి పెద్ద సంస్థలకు సొంత కంప్యూటరు విభాగం ఉంటుంది. మనకు లేదు. కాబట్టి ఇద్దరికి తెలియని స్క్రిప్టును మేము వాడము. రాసినవారు ప్రతి వరుస ఏమి చేస్తుందో తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసి ఇవ్వాలి.

మూడు, పని ఆగిపోతే మనకు ఎలా తెలుస్తుంది? ఇది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మేము మొదట ఈ ప్రశ్నే వేసుకోలేదు. ఒక సాధనం ఎంత బాగా పనిచేస్తుందో అమ్మేవారు చూపిస్తారు. ఆగినప్పుడు ఏమి చేస్తుందో మనమే అడగాలి.

నాలుగు, రోగుల వివరాలు ఎక్కడికి పోతాయి? రెడీమేడ్ సాధనంలో పేర్లు, నెంబర్లు ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లలో ఉంటాయి. సొంత స్క్రిప్టు అయితే మన గదిలోనే ఉండవచ్చు, అప్పుడు ఆ గదికి తాళం, పాస్‌వర్డు మన బాధ్యత. మన దేశంలో వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా రోగి రహస్యం కాపాడడం నర్సు ధర్మం. అందుకే ఏ పట్టికలోనూ జబ్బు పేరు రాయము. మెసేజీలో "ఫలానా తేదీన ఆసుపత్రికి రండి" అనే ఉంటుంది. కోడలి ఫోనులో టీబీ అనే మాట అత్తగారు చూడకూడదు.

ఐదు, మూడేళ్లకు ఖర్చెంత? ఉచిత సాధనాలకు నెలకు ఇన్ని పనులని హద్దు ఉంటుంది. దాటితే డబ్బు కట్టాలి, లేదా ఆగిపోతుంది. స్క్రిప్టుకు నెల నెలా అద్దె లేదు గాని, బాగుచేసేవారి కాలం ఖర్చవుతుంది. సంఘంలోని పిల్లవాడు ఊరికే చేసిపెట్టినా అది ఖర్చే, అతని రాత్రి నిద్ర.

ఇప్పుడు కొందరు యువకులు, "అమ్మా, చాట్‌జీపీటీని అడిగితే నిమిషంలో స్క్రిప్టు రాసిస్తుంది గదా" అంటున్నారు. నిజమే, రాయడం ఇప్పుడు సులువైంది. కానీ రాయడం మాకు ఎన్నడూ కష్టం కాలేదు. సెలవుల్లో వచ్చిన విద్యార్థి కూడా రాశాడు. క్రిస్మస్ నెలలో అది ఆగినప్పుడు ఎందుకు ఆగిందో చెప్పేవారు దొరకడమే కష్టమైంది. యంత్రం రాసినా, మనిషి రాసినా, చదివి అర్థం చేసుకున్నవారు మన దగ్గర ఉండాలి.

ఇప్పుడు మన ఆసుపత్రిలో జరుగుతున్నది

రెండు దారులనూ ఉంచుకున్నాం. షుగరు, బీపీ రివ్యూలకు రెడీమేడ్ సాధనమే, తేదీ అమరిక సరిచేసి వాడుతున్నాం. నెల పేరు అక్షరాల్లో రాస్తున్నాం. టీకాలకు, గర్భిణుల పరీక్షలకు ఆ అబ్బాయి స్క్రిప్టే. దాన్ని నడపడం రికార్డు రూము అమ్మాయితో పాటు ఒక స్టాఫ్ నర్సు కూడా నేర్చుకుంది. "పంపబడింది" అనే మాట చూసి ఇప్పుడు ఊరుకోవడం లేదు, "చేరింది" అని ఎస్ఎంఎస్ కంపెనీ నుండి జవాబు వచ్చినదే లెక్క. మన ఫోను నెంబరు ఒకటి రెండు పట్టికల్లోనూ రోగి పేరున్నట్టే ఉంటుంది. ఏ రోజైనా ఆ ఫోనుకు ఉదయం మెసేజీ రాకపోతే ఎక్కడో ఆగిందని తెలిసిపోతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన మార్పు కాగితం మీదే జరిగింది. ఇదివరకు మేము వచ్చినవారిని లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు రానివారిని లెక్కపెడుతున్నాం. ప్రతి సాయంత్రం ఒక సిస్టరు రిజిస్టరు తీసుకొని, ఆ రోజు రావలసి ఉండి రానివారి పేర్లు వేరే పుస్తకంలో ఎక్కిస్తుంది. మూడు రోజులు చూసి ఫోను చేస్తుంది. మెసేజీ వెళ్లిందా లేదా అనేది అక్కడ ప్రశ్నే కాదు. యంత్రం మెసేజీలు పంపుతోంది గనుక ఆమెకు ఫోను చేయవలసినవారు కొద్దిమందే మిగులుతారు, ఆ కొద్దిమందితో నిదానంగా మాట్లాడే వీలు ఉంది. నూరు గొర్రెలున్న కాపరి తొంబది తొమ్మిదింటిని చూసి సరిపెట్టుకోలేదు. తప్పిపోయిన ఒక్కటి ఏది అని వెదికాడు. ముందు లెక్కపెట్టాడు గనుకనే ఒకటి తక్కువని అతనికి తెలిసింది.

ఆ పుస్తకం వల్ల మాకు తెలియని సంగతులు ఎన్నో బయటపడ్డాయి. చాలా ఇళ్లలో ఇచ్చిన నెంబరు కువైట్‌లో ఉన్న కొడుకుదో, భర్తదో. మెసేజీ కువైట్ చేరుతోంది, మైదుకూరులో ఉన్న తల్లికి చేరడం లేదు. కొందరికి తెలుగు అక్షరాలు చదవడం రాదు. అటువంటివారికి మెసేజీ కాదు, మాటే కావాలి. ఇది ఏ సాధనమూ చెప్పలేదు, ఫోను చేసిన సిస్టరుకే తెలిసింది.

మీరు చేయవలసినవి

1. మెసేజీ రాలేదని ఆగిపోకండి. మీ ఓపీ పుస్తకంలో రాసిన తేదీయే అసలు తేదీ. మెసేజీ తోడు మాత్రమే. మెసేజీ తేదీకీ పుస్తకం తేదీకీ తేడా ఉంటే పుస్తకం తేదీకే రండి, లేదా ఫోను చేసి అడగండి.

2. తేదీ మీకు చదవడం రాకపోతే కౌంటరు దగ్గర సిగ్గుపడకుండా అడగండి. పండుగకు ముందా తరువాతా, ఏ వారం అని చెప్పించుకోండి. ఇంటికి వెళ్లి క్యాలెండరులో సున్నా చుట్టించుకోండి.

3. ఇంట్లో ఉండే ఫోను నెంబరు ఇవ్వండి. నెంబరు మారితే, ఎవరైనా కువైట్‌కో బెంగళూరుకో వెళ్తూ ఆ ఫోను తీసుకెళ్తే, తరువాత వచ్చినప్పుడు మొదట ఆ మాటే చెప్పండి.

4. మెసేజీలు వద్దనుకుంటే చెప్పే హక్కు మీకు ఉంది. మీ వైద్యంలో ఏ తేడా రాదు. ఫోను చేయమంటే ఫోనే చేస్తాం.

5. మన ఆసుపత్రి మెసేజీలో లింకు ఉండదు. మేము ఓటీపీ గాని, బ్యాంకు వివరాలు గాని, డబ్బు గాని ఫోనులో అడగము. ఎవరైనా మన పేరు చెప్పి అడిగితే ఫోను పెట్టేసి మాకు తెలియజేయండి.

6. షుగరు ఉన్నవారు రోజూ రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూసుకోండి. కంటి చూపు సరిగా లేకపోతే ఇంట్లోవారిని చూడమనండి. తోటలోకి, పొలంలోకి చెప్పులు లేకుండా దిగకండి. పుండు చిన్నదైనా, నొప్పి లేకపోయినా మరుసటి రోజే రండి. దీనికి ఏ తేదీ కోసమూ చూడనక్కర లేదు.

సంఘంలో సండే స్కూలు హాజరుకో, పాలకేంద్రం లెక్కలకో, దుకాణం బాకీలకో ఇలాంటి సాధనాలు పెట్టుకోవాలనుకునేవారు ఉన్నారు. వారికీ మేము చెప్పేది ఇదే. రెడీమేడ్ తీసుకున్నా, కుట్టించుకున్నా, మొదటి రోజే కావాలని ఒకసారి ఆపి చూడండి. ఆగిన సంగతి మీకు ఎంతసేపటికి, ఎవరి ద్వారా తెలిసిందో చూసుకోండి. తెలియకపోతే ఆ పనిని ఇంకా దానికి అప్పగించకండి.

ఆ పెద్దాయన ఇప్పటికీ వస్తున్నారు. పుండు పూర్తిగా మానింది, వెడల్పు చెప్పులు వేసుకొని నడుస్తున్నారు. మొన్న వచ్చినప్పుడు ఫోను తీసి మెసేజీ చూపించి, దాని పక్కనే పుస్తకం తెరిచి, "రెండూ ఒగటే ఉన్నాయా చూడు సిస్టరమ్మా" అన్నారు. చూశాం. రెండూ ఒకటే ఉన్నాయి.

మిమ్మల్ని ఒక్కొక్కరిని పేరు పేరున ఎరిగిన దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యముతో కాపాడును గాక.